ప్లగ్ పీకినా ఆ డబ్బాలో కరెంటు ఉంటుంది

"కంప్యూటర్ ఆన్ కావడం లేదా? మెకానిక్‌తో పనిలేదు, ఈ చిట్కాలు చాలు" అనే మెసేజ్ ఈ వారంలో నాకు ఆరుసార్లు వచ్చింది. పంపిందంతా ఒంగోలు, చీమకుర్తి మిత్రులే. ఒక్కరైనా పూర్తిగా చదివి పంపారా?

మొదటి చిట్కాకే నాకు భయమేసింది. "ప్లగ్ పీకి, ఎస్‌ఎంపీఎస్ మూత విప్పి, లోపల తడిగుడ్డతో తుడవండి. కరెంటు ఉండదు కాబట్టి షాక్ కొట్టదు" అట. కొడుతుంది! ఎస్‌ఎంపీఎస్ అంటే కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా. 230 వోల్టుల ఏసీని అది ముందు డీసీగా మార్చి, కరెంటు నిల్వ ఉంచే పెద్ద కెపాసిటర్లలో నింపుకుంటుంది. అక్కడ 325 వోల్టుల దాకా ఉంటుంది, కొన్ని రకాల్లో ఇంకా ఎక్కువ. ప్లగ్ పీకగానే అది పోదు. మెల్లగా దిగిపోవడానికి లోపల రెసిస్టర్ పెడతారు, నిజమే. కానీ పాడైందనే కదా మీరు విప్పుతున్నది? ఆ రెసిస్టర్ బాగుందని మీకెవరు చెప్పారు? మా బామ్మర్ది ఈ మెసేజ్ నమ్మి మూడు స్క్రూలు తీసేశాడు. నాలుగోది తిప్పుతుండగా నేను వెళ్లి చేయి పట్టుకున్నా. ఇంకో పది నిమిషాలు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే. ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానముంటే మంచిది ఇంకోటి పెట్టి చూడండి. మూత మాత్రం తీయకండి.

"వెనక ఉన్న ఎర్ర స్విచ్ 115కు జరిపితే తక్కువ కరెంటుతో ఆన్ అవుతుంది" అనేది ఇంకోటి. మన 230 సరఫరాకు అలా పెడితే, సాధారణంగా 200 వోల్టులకు చేసిన కెపాసిటర్ల మీద 300 పైన పడుతుంది. టప్పున పేలుతుంది, అంతే.

లోపలి పెద్ద బోర్డు (మదర్‌బోర్డు) మీదుండే బిళ్ల లాంటి సెల్ మార్చమన్నారు. అది అయిపోతే ఎక్కువగా తేదీ, టైమే తప్పుతాయి. ర్యామ్‌ను, అంటే మెమరీ పట్టీని, రబ్బరుతో రుద్దడం ఫ్యాన్లు తిరుగుతున్నా తెర మీద ఏమీ రానప్పుడు పనికొస్తుంది. అసలు ఉలుకూ పలుకూ లేని మిషన్‌కు కాదు.

"ఫ్యాన్ తిరగకపోతే మదర్‌బోర్డు పోయినట్టే, కొత్తది కొనండి." ఎవరి డబ్బుతో? ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో ఇంకేదైనా పెట్టి చూశారా? పవర్ కేబుల్ మార్చారా? ముందున్న బటన్ అరిగిపోయినా మిషన్ కదలదు. మదర్‌బోర్డు మీద ఆ బటన్ వైర్లు తగిలించే రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం కలిపితే తెలిసిపోతుంది. అక్కడ ఉండేది 5 వోల్టులకు మించదు. పిల్లల చదువు కోసం అప్పు చేసి కొన్నవాళ్లకు "కొత్తది కొనండి" అని చెప్పడానికి నోరెలా వచ్చింది?

చివర్న "దుమ్ము దులపండి" అని ఉంది. అది మాత్రం ఒప్పుకుంటున్నా. దుమ్ముతో ఏమవుతుందిలే అని నేనే చాలామందికి చెప్పా, తప్పే. చీమకుర్తి క్వారీల గ్రానైట్ పొడి ఫ్యాన్లను బిగించేస్తుంది, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి. ప్లగ్ పీకి, ఫ్యాన్ రెక్క తిరగకుండా పుల్ల అడ్డం పెట్టి, ఎస్‌ఎంపీఎస్‌కు బయటి నుంచే బ్లోయర్ కొట్టండి.