దీవికి వెళ్తున్నారా? ఆ మూడో లెన్స్ ఇంట్లోనే ఉంచండి

వరసకు తమ్ముడయ్యే కుర్రాడు మొన్న రాత్రి ఫోన్ చేశాడు. వచ్చే నెల భార్యనీ రెండేళ్ళ పాపనీ తీసుకుని ఒక దీవికి వెళ్తున్నాడు. ఐదు రోజులు, భుజాన ఒక్క బ్యాగు. "అన్నా, 16-35, 24-70 సర్దేశాను. 70-200 కూడా పెడితే బట్టలకి చోటు ఉండట్లేదు. ఏం చేయమంటావ్?" అన్నాడు. ఈ అంకెలు లెన్సుల ఫోకల్ లెంగ్త్‌లు, మిల్లీమీటర్లలో. అంకె చిన్నదైతే విశాలంగా పడుతుంది (వైడ్), పెద్దదైతే దూరంగా ఉన్నది దగ్గరగా వస్తుంది (టెలీ). రెండు అంకెలుంటే ఆ మధ్యలో మార్చుకునే జూమ్ అన్నమాట.

"70-200 తీసెయ్. 16-35 కూడా తీసెయ్."

కాసేపు అటువైపు మాట లేదు. తర్వాత నెమ్మదిగా, "మరి అక్కడ ఏదైనా కనిపిస్తే?" అన్నాడు.

ఈ ప్రశ్న నాకు బాగా తెలుసు. కొన్నేళ్ళ క్రితం నేనూ ఇదే ప్రశ్న వేసుకుని, దానికి భయపడి, ఐదు లెన్సులు మోసుకుంటూ ఒక దీవికి వెళ్ళాను. ఆ ప్రయాణంలో పోగొట్టుకున్న ఒక ఫొటో గురించి ఇప్పటికీ బాధపడుతున్నాను. అందుకే తమ్ముడికి ఫోన్లో చెప్పింది చాలదనిపించి ఇక్కడ రాస్తున్నాను.

అది మూడో రోజు సాయంత్రం. మా అమ్మ అరవై దాటాక మొదటిసారి సముద్రంలోకి దిగింది. అంతకుముందు రెండు రోజులూ ఒడ్డునే కూర్చుని, రమ్మంటే వద్దంది. ఆ సాయంత్రం ఎవరూ పిలవకుండానే చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మోకాలి లోతుకు వెళ్ళింది. నేను అప్పుడు 70-200 పెట్టుకుని ఎక్కడో దూరంగా వెళ్తున్న పడవను తీస్తున్నాను. "ఒరేయ్, ఇటు చూడరా!" అని పిలిచింది. తిరిగి చూస్తే మూడు మీటర్ల దూరంలో నవ్వుతూ నిలబడి ఉంది. ఆ లెన్స్‌లో అమ్మ ముఖం తప్ప ఇంకేమీ పట్టడం లేదు. నీళ్ళు లేవు, ఆకాశం లేదు, ఎత్తిపట్టుకున్న కుచ్చిళ్ళు లేవు. లెన్స్ మార్చాలి. బ్యాగు ఇసుకలో పెట్టలేను, గాలి వీస్తోంది. గాలికి వీపు పెట్టి, ఒక మూత జేబులో వేసుకుని, ఒక లెన్స్ చంకలో పెట్టుకుని, ఎలాగో మార్చి ఇటు తిరిగేసరికి సూర్యుడు మునిగిపోయాడు. అమ్మ చీర అంచు పిండుకుంటూ ఒడ్డుకు వచ్చేస్తోంది. "తీశావా?" అని అడిగింది.

ఉష్ణమండలపు దీవుల్లో సాయంత్రం ఎంత తొందరగా అయిపోతుందో వెళ్ళేవరకూ తెలియదు. భూమధ్యరేఖకు దగ్గరగా సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు. అస్తమించాక ఫొటోకి పనికొచ్చే మంచి వెలుగు ఉండేది 20, 25 నిమిషాలు. ఉత్తరాన ఉన్న దేశాల్లో వేసవి సాయంత్రాలు తీసి చూపించేవాళ్ళు గంటసేపు రంగులు మారుతుంటాయని చెబుతారు. ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. ఆ కాస్త సమయంలో రెండుసార్లు లెన్స్ మార్చారంటే సాయంత్రంలో పెద్ద ముక్క బ్యాగులో తల పెట్టే గడిచిపోయినట్టు.

ఇక పగటి సంగతి. ఎండలో ఫొటో తీయడానికి పాతకాలం నుంచీ ఒక లెక్క ఉంది: అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) ఎఫ్/16 పెడితే, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) అంకె ఎంతో, షటర్ వేగం సెకనులో అన్నో వంతు. అంటే ఐఎస్ఓ 100కి సెకనులో 100వ వంతు. తెల్లటి ఇసుక మీద వెలుగు ఇంకా ఎక్కువ కాబట్టి మరో స్టాప్ తగ్గించమంటారు, అంటే వెలుగును సగం చేయమని. ఇదే లెక్కను, వీడియోల్లో కొనమనే బరువైన జూమ్‌ల ఎఫ్/2.8కి మార్చి చూడండి. మామూలు ఎండలో 1/3200, తెల్ల ఇసుక మీద 1/6400. చాలా కెమెరాల్లో మెకానికల్ షటర్ 1/4000 దగ్గరే ఆగిపోతుంది. అంటే దీవి మీద పగలంతా ఆ బరువైన ఎఫ్/2.8 జూమ్‌ని మీరు ఎఫ్/5.6కో ఎఫ్/8కో మూసే వాడతారు. మరి ఆ పెద్ద గాజు ఎందుకు మోసినట్టు? పెళ్ళిళ్ళకీ, చీకటి హాళ్ళకీ ఎఫ్/2.8 జూమ్ కావాలి, నేను కాదనను. అదే సలహాను దీవికి వెళ్ళేవాళ్ళకీ అప్పజెప్పే వీడియోలు చూస్తే మాత్రం నాకు కోపం వస్తుంది. వినేవాళ్ళు దాన్ని నమ్మి, భుజం నొప్పితో సగం రోజు గదిలో పడుకుంటున్నారు.

తమ్ముడు ఎక్కువ గింజుకున్నది 16-35 కోసం. "సముద్రం అంత విశాలంగా ఉంటుంది కదన్నా, వైడ్ లేకపోతే ఎలా?" అన్నాడు. సముద్రం విశాలంగా ఉంటుంది, నిజమే. కానీ అందులో ఎక్కువ భాగం ఖాళీ. 16లో తీస్తే కింద సగం ఖాళీ ఇసుక, పైన సగం ఖాళీ ఆకాశం, మధ్యలో గీతలా నీళ్ళు. ఎదురుగా ఎంతో గంభీరంగా కనిపించిన చిన్న దీవి ఫొటోలో ఆవగింజంత అవుతుంది. దాన్నే 35లో తీస్తే రెండింతలు పైగా పెద్దదిగా వస్తుంది, 70లో ఇంకా బాగుంటుంది. అల్ట్రా వైడ్ బాగా పనిచేయాలంటే లెన్స్‌కి జానెడు దూరంలో ఏదో ఒకటి ఉండాలి: రాయి, వేరు, పడవ ముక్కు, నీళ్ళు ఇంకుతున్న ఇసుక మీద గీతలు. అలాంటివి వెతుక్కుంటూ తెల్లవారుజామున ఒంటరిగా తిరిగే ఓపిక ఉంటే సరే. రెండేళ్ళ పాప చెయ్యి పట్టుకుని తిరిగేవాడికి అది కుదిరే పని కాదు. పైగా అతని జేబులో ఫోన్ ఉంది. ఇప్పుడు చాలా ఫోన్లలో 13 మి.మీ.కి దగ్గరగా ఒక అల్ట్రా వైడ్ కెమెరా ఉంటుంది. మంచి వెలుగులో అది చాలా చక్కగా తీస్తుంది, దీవి మీద పగటి వెలుగుకేం కొదవ లేదు. అతను వెతుకుతున్న మూడో లెన్స్ అదే, బరువు కూడా కలవదు.

టెలీ గురించి ఒక్క మాట. మధ్యాహ్నం వేడెక్కిన ఇసుక మీదుగా, నీళ్ళ మీదుగా దూరంగా ఉన్నదాన్ని 200లో లాగి తీస్తే గాలి అలల్లా కదిలి ఫొటో మెత్తబడిపోతుంది. ఎంత ఖరీదైన లెన్స్ అయినా దానికి మందు లేదు. పక్షుల కోసమే వెళ్తున్నవాళ్ళు, సముద్ర అలల మీద ఆటలు తీసేవాళ్ళు పెద్ద టెలీ పట్టుకెళ్ళాల్సిందే. వాళ్ళు వేరే ఏదైనా వదులుకోవాలి.

మరి నేను తీసుకెళ్ళమనేది ఏమిటి? 24 దగ్గర మొదలై 100 దాటే ఒక జూమ్, దానికి తోడు వెలుగు బాగా పట్టే ఒక చిన్న ప్రైమ్ (జూమ్ కాకుండా ఒకే ఫోకల్ లెంగ్త్ ఉండే లెన్స్). అంతే. 24 అన్నది నాకు ముఖ్యం, 28 చాలదు. చెప్పుకోవడానికి నాలుగు మిల్లీమీటర్లే, కానీ అడ్డంగా చూస్తే 24లో సుమారు 74 డిగ్రీలు పడుతుంది, 28లో 65. పడవలో ఎదురెదురుగా కూర్చున్నప్పుడు, చిన్న గదిలో, ఇరుకు వరండాలో ఆ తేడా తెలుస్తుంది. వెనక్కి జరగడానికి పడవలో చోటుండదు కదా. ఈ ఒక్క కారణంతోనే టామ్రాన్ 28-200ను నేను రెండో వరసలో పెడతాను, లేకపోతే 575 గ్రాముల్లో అంత ఉపయోగపడే లెన్స్‌లు తక్కువ. నికాన్ జెడ్ కెమెరాలున్నవాళ్ళకి 24-120 ఎఫ్/4 630 గ్రాములు, 24-200 అయితే 570 గ్రాములు. సోనీ ఎఫ్/2.8 జూమ్ 24-70 జీఎం మొదటిది 886 గ్రాములుండేది, 2022లో వచ్చిన రెండో దాన్ని 695కి తగ్గించారు. అంత తగ్గించినా అది 70 దగ్గర ఆగిపోతుంది. నా దగ్గరున్నది 24-105 ఎఫ్/4. దీవి మీద దానికి మించి నాకు అవసరమైన రోజు ఇంతవరకూ రాలేదు. క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా ఉన్నవాళ్ళకి ఇదే కొలత 16 దగ్గర మొదలవుతుంది, కాబట్టి కెమెరాతో వచ్చిన 18-55 కంటే 16తో మొదలయ్యేది దొరికితే మంచిది. ఇంకా చిన్న సెన్సర్ ఉండే మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాల వాళ్ళు 12 చూసుకోవాలి. ఆ కెమెరాల లెన్సులు చిన్నవి కాబట్టి, తేలిగ్గా వెళ్ళే విషయంలో వాళ్ళు నాకంటే అదృష్టవంతులు.

ప్రైమ్ ఎందుకంటే, ఆ 25 నిమిషాల కోసం, ఆ తర్వాత దీపాల వెలుగు కోసం. 35 ఎఫ్/1.8 నాకు ఇష్టం. మనిషీ పడతాడు, చుట్టూ ఉన్నదీ పడుతుంది. 40, 50 అయినా తప్పు లేదు. కెనాన్ ఆర్ఎఫ్ 50 ఎఫ్/1.8 160 గ్రాములు, నికాన్ జెడ్ 40 ఎఫ్/2 170 గ్రాములు. ప్యాంటు జేబులో పట్టేస్తాయి. సాయంత్రం గదిలోంచి బయటికి వచ్చేముందే ప్రైమ్ పెట్టుకుని, జూమ్‌ని గదిలో వదిలేసి వస్తాను. ఇసుక మీద నిలబడి మౌంట్ (కెమెరాకి లెన్స్ బిగించే చోటు) తెరవడం ఆ ప్రయాణంతో మానేశాను.

నక్షత్రాల ఫొటోలు తీసేవాళ్ళు ఇక్కడ నన్ను ఆపుతారు. నిజమే, చీకటి దీవి మీద చంద్రుడు లేని రాత్రి పాలపుంత కనిపిస్తే ఎఫ్/4 జూమ్‌తో మనసు తీరదు. ఎఫ్/1.8 దానికి దాదాపు ఐదు రెట్ల వెలుగు పడుతుంది. అయితే బయలుదేరే ముందు క్యాలెండర్ చూసుకోండి. మీరున్న రోజులు పౌర్ణమి చుట్టూ ఉంటే ఆ ఆశ వదిలేయండి. అమావాస్య చుట్టూ ఉండి, అర్ధరాత్రి నిజంగా లేచి వెళ్ళే పట్టుదల ఉంటే 35 బదులు 20 ఎఫ్/1.8 పెట్టుకోండి. 35తో పాటు అంటే మాత్రం ఒప్పుకోను.

లెన్స్ డబ్బులు మిగిలితే పోలరైజర్ కొనండి, లెన్స్ ముందు తగిలించే ఫిల్టర్ అది. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. నీళ్ళ మీద మెరుపును తీసేసి లోపలి రాళ్ళనీ పగడాలనీ చూపించే పని ఏ సాఫ్ట్‌వేరూ తర్వాత చేయలేదు, ఎందుకంటే ఆ సమాచారం ఫొటోలో అసలు పడదు. ఊరికే తగిలించుకుంటే చాలదు, తిప్పుతూ చూడాలి. నీటి ఉపరితలానికి సుమారు 37 డిగ్రీల కోణంలో చూసినప్పుడు అది బాగా పనిచేస్తుంది. నెత్తి మీంచి నిట్టనిలువుగా చూస్తే తేడా కనిపించదు. ఆకాశం నీలం ముదరాలంటే సూర్యుడు మీ భుజానికి పక్కగా ఉండాలి. ఒకటి రెండు స్టాప్‌ల వెలుగు తింటుంది, అందుకే సూర్యుడు దిగేవేళకి తీసి జేబులో వేసుకోవాలి. అల్ట్రా వైడ్‌కి పోలరైజర్ పెడితే ఆకాశంలో ఒక పక్క ముదురుగా, ఒక పక్క వెలిసినట్టు మచ్చ పడుతుంది. తమ్ముడి 16-35 మీద నాకున్న ఇంకో ఫిర్యాదు ఇది. రెండు లెన్సుల్లో పెద్ద సైజుకి ఒక్కటే కొనుక్కుని, చిన్నదానికి ఆ పెద్ద ఫిల్టర్ పట్టేలా స్టెప్-అప్ రింగ్ వేసుకుంటే సరిపోతుంది.

ఇసుక మీద ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుగు) కూడా కాస్త పెంచుకోండి. కెమెరా తెల్లదాన్ని చూసి భయపడి తగ్గించేస్తుంది, ఇసుక బూడిద రంగులోకీ మనుషుల ముఖాలు నలుపులోకీ పోతాయి. ప్లస్ ఒక స్టాప్ దాకా అయినా పరవాలేదు.

ఇక ఉప్పు, ఇసుక, చెమ్మ. అమ్మ ఫొటో పోయిన ఆ రాత్రి గదికి వచ్చి 70-200 జూమ్ రింగ్ తిప్పితే గరగరమంది. మర్నాటి నుంచి ప్రతి ఫొటోలో ఆకాశం మీద ఒకే చోట మూడు మచ్చలు. సెన్సర్ మీద దుమ్ము. ఎఫ్/2.8లో కనిపించని దుమ్ము ఎఫ్/11లో, నీలాకాశం మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దీవి మీద మనం తీసేవన్నీ దాదాపు అలాంటివే. ఎన్ని లెన్సులు తీసుకెళ్తే అన్నిసార్లు ఆ తలుపు తెరుస్తామని అప్పుడు అర్థమైంది. గాజు మీద ఇసుక పడితే గుడ్డతో తుడవకండి, ముందు బ్లోయర్‌తో ఊదండి. ఉప్పు తుంపర పడితే మంచినీళ్ళతో కాస్త తడిపిన గుడ్డతో ఆ రోజే తుడవాలి. ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చుకుంటూ కూర్చుంటుంది, లోహాన్ని తింటుంది. వెదర్ సీల్డ్ (తుంపర, దుమ్ము లోపలికి పోకుండా మూసినది) అని రాసి ఉన్నా నీళ్ళలో ముంచమని అర్థం కాదు.

ఏసీ గది నుంచి పొద్దున్నే బయటికి రాగానే లెన్స్ మసకబారిపోతుంది, అదీ సూర్యోదయం వేళకే. అరగంట ముందే కెమెరాను మూసిన బ్యాగులోనే ఉంచి వరండాలో పెట్టండి, నెమ్మదిగా వేడెక్కుతుంది. మసక పట్టినప్పుడు లెన్స్ మాత్రం విప్పకండి, ఆ చెమ్మ లోపలికి పోతుంది. అదనపు బ్యాటరీలు చేతి సామానులోనే ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో వేయనివ్వరు. దీవులకి వెళ్ళే చిన్న విమానాల్లో చేతి సామాను బరువు కచ్చితంగా చూస్తారు, ఆ కౌంటర్ దగ్గర లెన్సులు జేబుల్లోకి సర్దుకునే టెన్షన్ మీకు వద్దు.

ఇంత చెప్పినా తమ్ముడి మనసు ఒప్పుకోలేదు. వాదించడం మానేసి ఒక పని చెప్పాను. "పోయిన సంవత్సరం వెళ్ళావు కదా, ఆ ఫొటోలు తెరువు. నువ్వు ప్రింట్ వేయించుకున్నవి, అందరికీ పంపుకున్నవి మాత్రమే తీసుకో. ఒక్కొక్కటీ ఏ ఫోకల్ లెంగ్త్‌లో తీశావో రాసుకో." ఈ పని నేను చేసినప్పుడు నా ఫొటోల్లో మూడొంతులు 24కీ 70కీ మధ్యే తేలాయి. 16లో తీసినవి చాలానే ఉన్నాయి, కానీ నేను దాచుకున్నవి రెండే.

నిన్న రాత్రి అతని మెసేజ్ వచ్చింది. 70-200 తీసేశాడట. ఆ ఖాళీలో పాప ఇసుకలో ఆడుకునే బకెట్, మూడు జతల చిన్న బట్టలు పట్టాయట. 24-70 బదులు స్నేహితుడి 24-105 అడిగాడట. 16-35 గురించి ఇంకా తేల్చుకోలేదు. రేపు మళ్ళీ ఫోన్ చేస్తాను.