అరవై డిగ్రీల మీటరు, తొంభై డిగ్రీల పాలు

నెల్లూరుకు 1866లో, ఒంగోలుకు 1876లో పురపాలక సంఘాలు వచ్చాయి. 1904లో ఒంగోలు తాలూకాను కొత్తగా ఏర్పడ్డ గుంటూరు జిల్లాలో కలిపినా, రెండు ఊళ్లలోనూ తిండి అమ్మేవాళ్లకు వర్తించినవి మద్రాసు చట్టాలే. 1884, 1920 జిల్లా మునిసిపాలిటీల చట్టాలు సంతలు, కబేళాల లైసెన్సులు, చెడిపోయిన సరుకు పట్టివేత చూసేవి. కుళ్లిన చేపను కనిపెట్టడానికి ముక్కు చాలు. 1918 కల్తీ నిరోధక చట్టంతో అసలు చిక్కు మొదలైంది. కల్తీని తేల్చాలంటే కొలత కావాలి, ఆ కొలతలన్నీ చలిదేశంలో తయారైనవి.

పాల సంగతే చూడండి. పాలలో ముంచి చిక్కదనం చూసే పాత లాక్టోమీటరు గీతలు 60 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర సరిపోయేలా గీసినవి. మన దగ్గర పాలు పొద్దున్నే 90 డిగ్రీలుంటాయి. 60 దాటిన ప్రతి డిగ్రీకి రీడింగుకు 0.1 కలుపుకోవాలి. అంటే 30 చూపించాల్సిన చిక్కటి పాలు 27 దగ్గరే ఆగుతాయి. పదోవంతు నీళ్లు కలిపిన పాలు 60 డిగ్రీల దగ్గర చూపించేదీ దాదాపు అంతే. థర్మామీటరు పెట్టకుండా మీటరు ముంచితే ఏ తప్పూ చేయని పాలవాడి మీద కల్తీ ముద్ర పడుతుంది. అప్పుడే పిండిన పాలయితే మరీ అన్యాయం. గాలి బుడగలుంటాయి, వెన్న గట్టిపడి ఉండదు, మీటరు ఇంకా కిందికి దిగుతుంది. గిన్నెను చన్నీళ్ల బకెట్లో దించి, కొన్ని గంటలు ఆగి, నురగ తీసి, జాడీ అంచుకు తగలకుండా మీటరు వదిలితేనే ఆ అంకెను నమ్మొచ్చు.

నిజంగా మోసం చేసేవాడు మాత్రం దీనికి దొరకడు. మీగడ తీస్తే అంకె పెరుగుతుంది, నీళ్లు పోస్తే తగ్గుతుంది. రెండూ కొలిచి చేస్తే మీటరు మళ్లీ 30 దగ్గరే నిలబడుతుంది. వాణ్ణి పట్టేది పాలలో వెన్న ఎంతుందో తేల్చే గర్బర్ పరీక్ష. గొట్టంలో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, దాని మీద మెల్లగా 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ పోసి, బిరడా బిగించి కలిపి, యంత్రంలో తిప్పి, 65 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో ఉంచి వెన్న శాతం చదవాలి. పాలకేంద్రాల్లో పనిచేసేవాళ్లకు ఇది రోజూ ఉండే పనే.

నెయ్యిదీ ఇదే గతి. మన పల్లెల్లో పాడి గేదెలకు పత్తి గింజలు రుబ్బి పెట్టడం పాత అలవాటు. ఆ మేత మేసిన గేదె నెయ్యి పత్తి నూనె కలిసిందా అని చూసే పరీక్షలో రంగు తేలుస్తుంది. కల్తీ ఏమీ లేకపోయినా సరే.

అందుకే ఆ కాలపు పద్ధతుల్లో ఒకటి చాలా విలువైనదని నా అభిప్రాయం. ఇంగ్లండ్‌లో 1875 చట్టం నుంచీ శాంపిల్‌ను మూడు భాగాలు చేసి, ఒకటి పరీక్షకు పంపి, ఒకటి అధికారి ఉంచుకుని, ఒకటి అమ్మినవాడికి ఇచ్చేవాళ్లు. మన 1954 కేంద్ర చట్టమూ మొదట్లో అలాగే ఇచ్చింది. 1976 సవరణ ఆ భాగాన్ని అమ్మేవాడి చేతిలోంచి తీసేసింది, మిగిలిన రెండూ స్థానిక ఆరోగ్య అధికారి దగ్గరే ఉండిపోయాయి. 2006 ఆహార భద్రత చట్టంలో భాగాలు నాలుగయ్యాయి. అమ్మేవాడు అడిగితే నాలుగోది గుర్తింపు పొందిన ల్యాబుకు పంపుతారు. ఆ హక్కు ఉందని రోడ్డు పక్క పాలు, పెరుగు అమ్మే మనిషికి శాంపిల్ తీసేటప్పుడే తెలుగులో చెప్పి, రాసి ఇవ్వాలి. చిల్లర కొనుగోళ్లలో మీటరు వాడే ప్రతిచోటా పక్కన థర్మామీటరు ఉండాలి, రీడింగు పక్కన పాల వేడి కూడా రాయాలి.