ఆలాపన కోసేసి పంపకండి

నల్లగొండలో కర్ణాటక సంగీతం వినేవాళ్లమే కొద్దిమందిమి. మిర్యాలగూడ, దేవరకొండ వాళ్లను కలుపుకొని వాట్సాప్‌లో రికార్డింగులు పంచుకుంటాం. అందుకే వాటిని పంపడంలో ఈ అజాగ్రత్త చూస్తే కడుపు మండుతుంది.

ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ అని ఒకటి వస్తుంది. ఏ రాగం, మృదంగం ఎవరు, ఎప్పటి కచేరీ, ఏమీ ఉండదు. 1964లో పోయిన మనిషి, ఇక మనకు మిగిలింది ఆ రికార్డులే కదా! పాత 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) 10 అంగుళాల గ్రామఫోన్ ప్లేటులో ఒక్కో వైపు 3 నిమిషాలు, కాస్త అటూ ఇటూ. అందులో ఆలాపన, అంటే పాటకు ముందు తాళం లేకుండా రాగాన్ని విస్తరించడం, కురచగా ఉందంటే అర్థం ఉంది. రేడియో కచేరీలో తీరిగ్గా సాగిన తోడి రాగం ఆలాపనను కోసేసి పల్లవి నుంచి పంపితే ఏమనాలి? ఇంకొందరు టేపును వేగంగా తిప్పి ఎక్కించిన ఫైలు పంపుతారు. శ్రుతి పైకి పోయి, గాయకుడు బాలమురళి గారి గొంతు ఆయన గొంతులాగే ఉండదు.

ఇదేందన్నా అంటే, "పాట వస్తున్నది కదా, ఇంకేం గావాలె తమ్మీ" అంటారు. పైగా పెట్టిన నిమిషానికే చప్పట్ల బొమ్మలు. అరగంట కచేరీని నిమిషంలో ఎట్లా విన్నారు? బొమ్మలు వద్దు. తోడిలో గాంధార స్వరం దగ్గర నాయుడు గారు ఎట్లా ఊగించారో ఒక్క మాట రాయండి, దాని మీద రాత్రంతా మాట్లాడుకుందాం.