పచ్చబడితే చాలదు

సముద్రంలో ఇనుము కలుపుతాం, నీటిలో తేలే సూక్ష్మజీవులైన ప్లవకాలు పెరుగుతాయి, గాలిలో కార్బన్ తగ్గుతుంది, తగ్గినంతకూ కార్బన్ క్రెడిట్లు (కార్బన్ తగ్గించామని చూపే, కొనీ అమ్మే పత్రాలు) అమ్ముకుంటాం అనే బేరం మళ్లీ మళ్లీ ముందుకొస్తూనే ఉంది. వినడానికి బాగానే ఉంది. నీటి అడుగున లెక్క మాత్రం వేరు.

భూమ్మీది కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం కంటికి ఆనని సముద్రపు వృక్షప్లవకాలదే. వాటి ఒంట్లో ఒక్కో భాస్వరం పరమాణువుకు 16 నత్రజనివి, 106 కార్బన్‌వి ఉంటాయన్నది సముద్ర శాస్త్రవేత్త రెడ్‌ఫీల్డ్ పేరిట నిలిచిన సగటు. ఆ ఒక్క భాస్వరం దొరక్కపోతే 106 కార్బన్‌లూ బయటే ఆగిపోతాయి. దక్షిణ మహాసముద్రంలో ఇంకో చిత్రం: నత్రజని, భాస్వరం పుష్కలం, ఇనుముకే కరవు. ‘సగం ట్యాంకరు ఇనుమివ్వండి, మంచుయుగం తెచ్చిపెడతా’ అని సముద్ర శాస్త్రవేత్త జాన్ మార్టిన్ 1988లో అన్నది అందుకే. హాస్యం కలిపి అన్న ఆ మాటను కొందరు వ్యాపార ప్రణాళికగా చదువుకున్నారు.

ఆ నీళ్లలోనే జర్మనీ పరిశోధన నౌక పోలార్‌స్టెర్న్ మీద జరిగిన రెండు ప్రయోగాలు చూడండి. 2004లో ఇనుము కలిపితే గాజులాంటి సిలికా పెంకులుండే డయాటమ్‌లనే వృక్షప్లవకాలు విరివిగా పెరిగాయి. తర్వాత చచ్చి, ముద్దలు కట్టి, కనీసం సగం వెయ్యి మీటర్ల లోతు దాటి మునిగాయి. 2009లో భారత్, జర్మనీ కలిసి చేసిన లోహాఫెక్స్‌లో 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుము చల్లారు. (పేరులో ‘లోహ’ మన మాటే.) అక్కడ సిలికా అప్పటికే అడుగంటింది. పెంకు కట్టుకునే సరుకు లేక డయాటమ్‌లు పుంజుకోలేదు. పెరిగిన మెత్తటి ప్లవకాలను కోపీపాడ్‌లనే రొయ్యజాతి చిరుజీవులు మేశాయి, కోపీపాడ్‌లను వాటికంటే పెద్దవైన యాంఫీపాడ్‌లు తిన్నాయి. లోతుకు దిగిన కార్బన్ స్వల్పం.

పైనీటిలో తిన్నది అక్కడే శ్వాసగా బయటపడితే కార్బన్ త్వరలోనే గాలికి చేరుతుంది. బాగా లోతుకు దిగిందే వందల ఏళ్లు నిలుస్తుంది. ఉపగ్రహానికి కనబడేది నీటి రంగు, మునిగిన సరుకు కాదు. పైగా ఇక్కడ ఖర్చయిన నత్రజని, భాస్వరం ప్రవాహం వెంట దూరాన ఉన్న ప్లవకాలకు దక్కవు. అక్కడి నష్టాన్ని ఏ క్రెడిట్‌లో తగ్గిస్తారు?

పరిశోధన ఆగాలని మేము అనడం లేదు. లోహాఫెక్స్ నేర్పిన పాఠం చల్లి చూస్తేనే తెలిసింది. అమ్మకాన్నే వ్యతిరేకిస్తున్నాం. నిజమైన శాస్త్ర పరిశోధనకు తప్ప సముద్రంలో పోషకాలు కలపరాదంటూ సముద్రంలో వ్యర్థాలు పారబోయడాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందమైన లండన్ ప్రోటోకాల్‌కు 2013లో చేసిన సవరణకు పదేళ్లు దాటినా చాలినన్ని దేశాల ఆమోదం రాలేదు. సభ్యదేశాలు ముందు ఆ సంతకాలు పూర్తి చేయాలి. వెయ్యి మీటర్ల కింద ఎంత కార్బన్ చేరిందో కొలిచి, ఆ కొలతలను బయటపెట్టేదాకా ఒక్క క్రెడిట్‌నూ గుర్తించరాదు.