చార్ట్ చూస్తే నంబర్ రాదు చిన్నాయనా

అనంతపురం పోయినప్పుడల్లా ఇదే గొడవ. టవర్ క్లాక్ దగ్గర టీకి కూర్చున్నామో లేదో, చిన్నాయన జేబులోంచి మట్కా చార్ట్ తీస్తాడు. నెలల తరబడి నంబర్లు, ఎర్ర పెన్నుతో గీతలు. "37 వచ్చి వంద ఆటలైంది రా, ఈ వారం తప్పకుండా రావాల్సిందే" అంటాడు.

రావాలని ఎక్కడుంది? 00 నుంచి 99 దాకా వంద నంబర్లు. ఆట నిజాయితీగా ఆడించినా, ఒక నంబర్ వంద ఆటల్లో ఒక్కసారీ రాకపోవడానికి 36 శాతానికి పైగా అవకాశం ఉంది. అదేం వింత కాదు. రేపు కూడా దాని వంతు నూటికి ఒకటే. నిన్న ఏం వచ్చిందో అంకెకు గుర్తుండదు కదా!

పైగా తగిలితే రూపాయికి 80 ఇస్తారట. వంద నంబర్ల మీదా తలా రూపాయి పెట్టినా 20 పోతుంది. ఏ చార్టూ ఆ 20ని పూడ్చలేదు.

పోయినప్పుడల్లా డబుల్ కట్టాలనేది ఇంకో పద్ధతి. 10 రూపాయలతో మొదలుపెట్టి వరసగా పదిసార్లు పోతే 10,230 పోయినట్టే. పదకొండోసారి 10,240 ఎక్కడి నుంచి తెస్తాడు?

నాకు ఎక్కాలు నేర్పింది ఈ చిన్నాయనే. అందుకే ఇంత కడుపుమంట. చెనిక్కాయలు అమ్మిన డబ్బంతా మట్కా చీటీలు రాసే బీటర్ చేతిలో పోసి, మొన్న చిన్నమ్మ కమ్మలు కూడా కుదువ పెట్టాడు.