ఆరేళ్లుగా బదిలీ లేని బ్రేక్ ఆయిల్ గారికి

మహారాజశ్రీ బ్రేక్ ఆయిల్ గారి సముఖమునకు,

మియాపూర్ వాస్తవ్యుడు, ఒక ఎర్ర హ్యాచ్‌బ్యాక్ యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఆ మాట మర్యాద కోసం రాశాను. మొన్నటిదాకా మీరూ క్షేమంగా లేరు, మీ వల్ల నేనూ చావు తప్పి కన్ను లొట్టపోయినంత పనైంది.

ముందు మీ పేరు సంగతి. పేరులో ఆయిల్ ఉంది గానీ మీరు ఆయిల్ కారు. గ్లైకాల్ ఈథర్ జాతి. నిజమైన ఇంజన్ ఆయిల్ కొంచెం మీలో కలిసిందంటే రబ్బరు సీళ్లు ఉబ్బిపోయి మాస్టర్ సిలిండర్ నుంచి చక్రం దాకా అన్నీ మార్చుకోవాలి. బానెట్ మీద మీ చుక్క పడి తుడవడం మరిచిపోతే రంగు లేచిపోతుంది. అయినా తెలుగునాట ప్రతి షెడ్డులోనూ మిమ్మల్ని ఆప్యాయంగా ఆయిల్ అనే పిలుస్తారు. నేనెవణ్ణి మార్చడానికి?

మీ ఉద్యోగం కూడా గొప్పదే, పెడల్ మీది కాలి బలాన్ని చక్రాల దాకా మోయడం. బానెట్ కింద మూల, తెల్లటి చిన్న ప్లాస్టిక్ డబ్బాలో నివాసం. రెండేళ్లకోసారి మిమ్మల్ని బదిలీ చేయాలని కారుతో వచ్చిన పుస్తకంలో రాసే ఉంది. ఆ పుస్తకం గ్లవ్ బాక్స్‌లో పాత టోల్ రసీదుల కింద ప్రశాంతంగా నిద్రపోతోంది. మీరేమో ఆరేళ్లు ఒకే సీటులో కూర్చున్నారు. సర్వీసుకిచ్చిన ప్రతిసారీ బిల్లులో ‘బ్రేక్ ఆయిల్ టాప్ అప్’ అని ఒక వరస కనబడేది. పాత గుమస్తాను కదపకుండా పక్కన కొత్త కుర్చీ వేసినట్టన్నమాట. మా కాలనీ మెకానిక్‌ని ఒకసారి అడిగాను కూడా. “ఏం కాదన్నా, పెడల్ మంచిగనే ఉంది గద. నల్లగైతే చూద్దాం” అన్నాడు.

ఆ ఆరేళ్లలో మీరు పెంచుకున్న వ్యసనం ఒక్కటే, నీళ్లు తాగడం. మనుషులకైతే అది మంచి అలవాటే. మీరు మాత్రం డబ్బా మూతలోని గాలి సందులోంచి, చక్రాల దగ్గరి రబ్బరు గొట్టాల్లోంచి, గాల్లో ఉన్న తేమను గుటక చప్పుడైనా లేకుండా లాగేస్తారు. ఆరు వానాకాలాలు. పైకి చూస్తే కొంచెం గోధుమ రంగు తిరిగారు, అంతే.

నాకీ పిచ్చి పట్టింది 2023 ఫిబ్రవరి 11న. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల పందెం జరిగింది. జాఁ ఎరిక్ వెర్న్ గెలిచాడని మర్నాడు పేపర్లో చదివాను గానీ, ఆ పూట నేను చూసింది కంచె సందుల్లోంచి దూసుకుపోయే రంగు గీతల్నే. అవి చాలు. సొంత బండిని రేసు ట్రాక్ మీద తోలనిచ్చే ‘ట్రాక్ డే’కి నలుగురు స్నేహితులం పేర్లిచ్చేశాం. అసలు సంగతి తర్వాత తెలిసింది. ఆ తరం కార్లను వెనక చక్రాలకు హైడ్రాలిక్ బ్రేకులే లేకుండా తయారుచేశారట. మోటారే వేగాన్ని పట్టి లాగి, కరెంటు చేసి, బ్యాటరీలో వేసుకుంటుంది. మీతో సగం పని లేని బండిని చూసి మోజుపడి, పూర్తిగా మీ దయ మీద ఆగే బండితో నేను బయల్దేరాను.

కారును ట్రాక్‌కి ‘రెడీ’ చేశానని అందరికీ చెప్పుకున్నాను. ఏం చేశానో మీ దగ్గర దాపరికమెందుకు? ఎగ్జాస్ట్‌కి 42,000. ఇంజన్ కంప్యూటర్ లెక్కలు మార్చే రీమ్యాప్‌కి 28,000. కారును 40 మిల్లీమీటర్లు కిందికి దించే స్ప్రింగులు. ముందు డిస్కులను ప్యాడ్లతో పట్టి నొక్కే క్యాలిపర్లకు ఎర్ర రంగు. వెనక డ్రమ్ములకు కూడా ఎర్ర రంగే. రంగేస్తే డ్రమ్ము డిస్కైపోతుందని కాదు, ఫొటోలో చక్రం సందుల్లోంచి ఎరుపు కనబడాలి కదా! మీ పద్దు కింద సున్నా. పైన పటారం లోన లొటారం అంటే ఏమిటో పిల్లలకు చెప్పాలంటే నా కారు చూపిస్తే సరిపోయేది.

ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ చెన్నై అవతల, శ్రీపెరుంబుదూరు దగ్గర ఉంది. 1990లో మొదలైంది. చుట్టు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. నార్కట్‌పల్లి, అద్దంకి, నెల్లూరు మీదుగా మియాపూర్ నుంచి 600 కిలోమీటర్ల పైచిలుకు. ఆ దారంతా మీరు బంగారంలా పనిచేశారు. గేదెలు అడ్డొస్తే ఆపారు, టోల్ గేట్ల దగ్గర ఆపారు. మీ గడుసుతనమంతా అక్కడే ఉంది.

ఐదో చుట్టు. స్ట్రెయిట్ చివర, ముల్లు 150 మీద ఉంది. బ్రేకు తొక్కాను. తడిసిన పరుపు మీద కాలేసినట్టు పెడల్ మెత్తగా నేలదాకా వెళ్లిపోయింది. మళ్లీ తొక్కాను. మూడో తొక్కుడుకు ఏదో కాస్త పట్టింది. అప్పటికి తారు అయిపోయి మట్టిలో ఉన్నాను. 42,000 రూపాయల ఎగ్జాస్ట్ మాత్రం అద్భుతంగా ఉరిమింది. అన్నట్టు, కారు పాలసీ కాగితంలో రేసింగ్‌కీ స్పీడ్ టెస్టింగ్‌కీ వర్తించదని ఒక వాక్యం ఉంటుంది. కాబట్టి ఆ మట్టిలో నాకు దైవం తర్వాత దిక్కు మీరే.

పక్క షెడ్డులోంచి ఒక తమిళ పెద్దాయన వచ్చి, డబ్బా మూత తీసి, మీ మొహం చూసి అడిగాడు: “ఎత్తన వరుషం ఆచ్చు?”

“వర్షమేమీ లేదండీ, ట్రాక్ పొడిగానే ఉంది” అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూసి, ముందు చక్రం దగ్గర కూర్చుని, మిమ్మల్ని బయటికి వదిలే నిపుల్ వదులు చేశాడు. సన్నటి గొట్టంలోంచి కాఫీ డికాషన్ రంగులో మీరు బయటికొచ్చారు, నురగలు కక్కుకుంటూ. వరుషం అంటే సంవత్సరమని తర్వాత తెలిసింది. కానీ నాకు వినబడ్డదీ తప్పు కాదు. వాన లోపలే పడింది.

లెక్క చూడండి. 1,100 కిలోల కారును 150 నుంచి 60కి తేవాలంటే దాదాపు 8 లక్షల జౌళ్ల శక్తిని ఎక్కడో పారబోయాలి. రెండున్నర లీటర్ల నీళ్లు మరిగే వేడి అది. అంటే ఒక్క బ్రేకుకు పాతిక కప్పుల ఇరానీ చాయ్ నీళ్లు. ఆ వేడిలో ఎక్కువ పాలు ముందు డిస్కులదే. అక్కడినుంచి ప్యాడ్లకు, పిస్టన్లకు, చివరికి మీకు. ఊళ్లో ఇలాంటి బ్రేకు ఏడాదికొకటి పడితే ఎక్కువ. ట్రాక్ మీద ఊపిరాడనివ్వకుండా పడతాయి. మీలో డాట్ అంకెలతో పిలిచే రకాలున్నాయి. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని నియమం. వందకు 3.7 వంతులు నీళ్లు తాగాక ఆ హద్దు 155. డాట్ 3 అయితే 205 నుంచి 140కి దిగుతుంది. మరిగాక పుట్టే ఆవిరి బుడగలు నొక్కితే నొక్కుకుపోతాయి. నా కాలి బలమంతా ఆ బుడగల్ని నలపడానికే ఖర్చయింది, చక్రం దాకా చేరింది ఏమీ లేదు.

ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. టైరు చెప్పింది. మా బాపు అచ్చంపేట డిపోలో 31 ఏళ్లు డ్రైవరు, శ్రీశైలం రూటు. రిటైరయ్యాక కూడా పొద్దున లేవగానే ఏ బండి కనబడ్డా ముందు టైర్లు చూస్తాడు. నా ముందు టైర్ల బయటి అంచు చెప్పు అరిగినట్టు అరిగి ఉంది. “యాడికి పోయినవ్‌రా?” అన్నాడు. చెప్పక తప్పలేదు. కోప్పడతాడనుకున్నాను. “పెడల్ గట్టిగుండి ఆగలేదా, మెత్తగై లోపలికి పోయిందా?” అని అడిగాడు. గట్టిగా ఉండి ఆగకపోతే లైనింగ్ కాలినట్టు, మెత్తబడితే లోపల ఆవిరి పుట్టినట్టు. నాకు 600 కిలోమీటర్లు, ఒక గోతి, ఒక తమిళ పెద్దాయన పట్టిన తేడా అది. దోమలపెంట దాటి కృష్ణ దాకా దిగే ఘాట్‌లో ఆయన నేర్చుకున్న సూత్రం ఒకటే: “ఏ గేర్ల ఎక్కినవో ఆ గేర్లనే దిగాలె.”

ఆ ఆదివారం మీ బదిలీ ఉత్తర్వులు అమలు చేశాం. దుకాణంవాడు డాట్ 5 సీసా తీశాడు. “నాలుగు కంటె ఐదు పెద్దది గదన్నా.” ఆ ఐదు సిలికాన్ వంశం, మీతో కలవదు, పొత్తు కుదరదు. 5.1 మాత్రం పేరుకే ఐదు, పుట్టుక మీ ఇంట్లోనే. నేను మాత్రం 300 డిగ్రీలు దాటినా మరగని రేసింగ్ రకం డాట్ 4 తెచ్చాను. అర లీటరు 1,500. రెండు సీసాలు. ఎగ్జాస్ట్ ఖర్చులో పద్నాలుగో వంతు.

బాపు సీట్లో, నేను చక్రం దగ్గర. దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలు. “తొక్కు బాపూ.” “తొక్కిన.” “ఇడువకు.” నిపుల్ తిప్పాను. “పోయిందిరా లోపలికి.” నిపుల్ బిగించాను. “ఇప్పుడు ఇడువు.” ఒక్కో చక్రానికి పదిహేను సార్లు. మధ్యలో ఆయనకు అనుమానమొచ్చింది. “మా బస్సుకేమో గాలి లేకుంటే బ్రేకు పట్టది. మీ కారుకు గాలి ఉంటే పట్టది. ఎవడు కనిపెట్టిండ్రా ఇది?” సమాధానం మీరే చెప్పాలి.

మీ తోడుదొంగల సంగతి కూడా మీకు తెలియాలి. డిస్కుల అంచు మీద అచ్చేసిన కనీస మందాన్ని వెర్నియర్‌తో కొలిచాం, ఫరవాలేదు. ప్యాడ్లు మాత్రం వేడికి తట్టుకునేవి వేశాం. కొత్త ప్యాడ్లు డిస్కుతో కాపురం కుదుర్చుకోవాలి కదా. తెల్లారకముందే ఖాళీ రోడ్డు మీద 80 నుంచి 20కి పదిసార్లు, ఎక్కడా పూర్తిగా ఆపకుండా. ఇప్పుడవి పొద్దున పూట చల్లగా ఉన్నప్పుడు కీచుమంటాయి. కాలనీ కుక్కలు బదులిస్తాయి.

పెద్ద దొంగలు సస్పెన్షన్‌లో దొరికారు. ఫొటో కోసం వేసిన ఆ పొట్టి స్ప్రింగులు, కంపెనీ షాకుల (షాక్ అబ్జార్బర్ల) మీద కూర్చుని, వాటికి కదిలే చోటే లేకుండా చేశాయి. మా గల్లీ స్పీడ్ బ్రేకర్ మీద పొట్ట రాసుకున్నప్పుడల్లా గర్వపడ్డాను. ట్రాక్ మీద తెలిసింది. మలుపు మధ్యలో షాకు వెళ్లి, కదలికను ఆపే బంప్ స్టాప్‌కి కొట్టుకోగానే స్ప్రింగు స్థానంలో గట్టి దుంగ పెట్టినట్టయి, ముందు చక్రాలు పట్టు వదిలేసి కారు బయటికి జారింది. చక్రాన్ని పట్టుకునే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లేమో ఆరేళ్ల గుంతల్లో నలిగి ఉడికిన ఉల్లిపాయల్లా అయ్యాయి. బ్రేకు తొక్కగానే చక్రం వెనక్కి జరిగి, టో, అంటే చక్రం చూసే దిక్కు, మారి, కారు దిక్కులు చూసేది. నేనేమో అది నా డ్రైవింగ్ శైలి అనుకునేవాణ్ణి. బుష్‌లు, లింక్ రాడ్లు మార్చి, 20 మిల్లీమీటర్లు మాత్రమే దించే స్ప్రింగులు, వాటికి సరిపడే షాకులు వేశాం. అందం పోయింది. స్పీడ్ బ్రేకర్లు ఇప్పుడు నన్ను పలకరించడం లేదు.

అలైన్‌మెంట్ షాపులో క్యాంబర్, అంటే చక్రం నిలువు వాలు, మార్చమని అడిగితే, “ఈ బండికి క్యాంబర్ సెట్టింగే ఉండదన్నా, టో ఒక్కటే” అన్నాడు. కంపెనీ పెట్టినట్టే ఉంచితే నిజమే. మలుపులో కారు బయటికి ఒరిగినప్పుడు టైరు బయటి అంచు మీద నిలబడుతుంది. ముందే చక్రం పైభాగాన్ని లోపలికి ఒంచి ఉంచితే ఆ ఒరుగుడులో టైరు నేలకు చదునుగా ఆనుతుంది. స్ట్రట్ బోల్టు మార్చి ఒక డిగ్రీ పైచిలుకు రాబట్టాం. 2 డిగ్రీలు ఆశపడ్డాను గానీ, ట్రాక్ మీద 60 కిలోమీటర్లు, రానుపోను హైవే మీద 1,200 తిరిగే కారుకు అరిగిపోయే లోపలి అంచు ఎవడిస్తాడు?

రెండోసారి బాపు కూడా వచ్చాడు. టైర్లలో 28 గాలితో బయల్దేరి, నాలుగు చుట్లకు 33 దగ్గర నిలిచింది. ఆరో చుట్టు, ఏడో చుట్టు. స్ట్రెయిట్ చివర ప్రతిసారీ ముందు మీ పేరు తలుచుకున్నాను, తర్వాత దేవుడి పేరు. పెడల్ ఎక్కడ మొదలైందో అక్కడే ఉంది. చివరి చుట్టు బ్రేకు ముట్టకుండా మెల్లగా తిరిగి, చల్లార్చి, షెడ్డులోకి వచ్చాను. కాలిన డ్రమ్ములకు హ్యాండ్ బ్రేకు వేస్తే అంటుకుపోతాయని వేయలేదు. దిగి చూసేసరికి బాపు ఎక్కడినుంచో ఒక రాయి తెచ్చి వెనక టైరు కింద పెట్టి, కాలితో తన్ని సరిచేస్తున్నాడు.

ఎరుపు క్యాలిపర్లు వేడికి చాక్లెట్ రంగుకు తిరిగాయి. మీరు మాత్రం ఇంకా తేనె రంగులోనే ఉన్నారు. ఏడాది తిరిగేసరికి మళ్లీ బదిలీ ఉంటుంది, అలవాటు పడకండి.

ఇట్లు,
తమ విధేయుడు

తా.క. రెండో సీసాలో సగం మిగిలింది. మూత తీసిన సీసా కూడా గాల్లో తేమ తాగేస్తుందని, దాచి లాభం లేదని ఇంట్లో చెప్పాను. “తడి తగలకూడదు, అంతే కదా?” అంది అమ్మ. 1,500 రూపాయల వస్తువు పారేయడం ఆమెకు చేతకాదు. వంటింట్లోకి రానివ్వలేదు గానీ, బాల్కనీ అల్మరాలో పెట్టింది. ఆవకాయ జాడీకి కట్టినట్టే తెల్లగుడ్డతో వాసెన కట్టి.