పొరుగాయన కొమ్ముల కచేరీ

గుంటూరు నుంచి కొలరాడోలోని మా ఇంటికి వచ్చిన అత్తగారు, పొరుగింటి వెనకవైపు నుంచి వినవస్తున్న డోకు వంటి మూలుగును రెండు రోజులు ఓర్పుగా విని, మూడో రోజు పొద్దున్నే వాము కషాయం కాచి, ‘‘పాపం, ఆయన్ను చూసేవాళ్ళెవరూ లేరా బాబూ, ఇది ఇచ్చి రండి’’ అన్నారు. ఆయనకు అజీర్తి లేదని, ప్లాస్టిక్ గొట్టంలో ఊది మగజింకలా గుర్రుమనడం సాధన చేస్తున్నారని, ఈ విద్యకు ఈ దేశపు పడమటి రాష్ట్రాలలో గురువులూ పరికరాలూ ఉన్నాయని నేను విన్నవించుకున్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, ఆ కషాయాన్ని నా చేత తాగించారు.

ఆయన వేటాడాలనుకునే మ్యూల్ డీర్ అంటే కంచరగాడిద చెవులున్న జింక. నవంబరు నడిమి నుంచి డిసెంబరు మొదటి రోజుల దాకా దానికి ఎదకాలం. అప్పుడు వేటగాడు పొద చాటున కూర్చుని, రెండు ఎండు కొమ్ములను టకటకలాడించి, రాళ్ళు తన్ని, రెమ్మలు విరిచి, ఇక్కడ రెండు పోతులు ఒక పెంటి కోసం కుమ్ముకుంటున్నాయన్న భ్రమ కల్పిస్తాడు. తగవు చూడవచ్చిన మూడో పోతును కాలుస్తాడు. తెల్లతోక జింకల మీద, ముఖ్యంగా టెక్సాస్‌లో, ఈ కళ వన్నెకెక్కింది. తగవు వినగానే పరుగెత్తుకొచ్చే దుర్గుణం కంచరచెవుల జింకకు అంతగా లేదని అనుభవజ్ఞులైన వేటగాళ్ళే ఒప్పుకుంటారు. మా పొరుగాయన మాత్రం ఒప్పుకోరు.

ఈ రాష్ట్రంలో జింక లైసెన్సు లాటరీలో రావాలి. మంచి అడవికి, లాటరీలో ముందు వరుస ఇప్పించే పాయింట్లను ఏళ్ళ తరబడి కూడబెట్టుకోవాలి. తుపాకీ సీజనులో వేటగాడి ఒంటిమీద కనీసం 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగో, 2016 నుంచి అనుమతించిన మెరిసే గులాబీ రంగో ఉండాలి. ఆ గులాబీ చొక్కాలో ఆయన గత శనివారం తన పెరట్లో పూర్తి రిహార్సలు జరిపారు. పదిహేను అడుగుల దూరంలో హాలోవీన్ నాటి గుమ్మడికాయను ఒక పోతు, మూడు పెంటులు తీరిగ్గా తింటున్నాయి. అవి ఏడాది పొడవునా అక్కడే ఉంటాయి. ఆయన గులాబీ మొక్కలను నున్నగా చేసినవీ అవే. ఊరి నడుమ తుపాకీ పేల్చరాదు కాబట్టి ఆయన దృష్టిలో అవి జింకలు కావు, బంధువుల లెక్క. ఆయన కొమ్ములు కొట్టారు. పోతు ఒక చెవిని మాత్రం ఇటు తిప్పి, విషయం గ్రహించి, మళ్ళీ వెనక్కి తిప్పుకుంది. ఆయన గుర్రుమన్నారు. అది గుమ్మడి గింజ ఉమ్మింది. సహజత్వం కోసం ఆయన సొంత రేగు చెట్టు కొమ్మనే ఫెళ్ళున విరిచారు. ఆ చప్పుడుకు ఇంట్లోంచి ఆయన భార్య చీపురుతో వచ్చారు. అప్పుడు కదిలాయి జింకలు, నాలుగు కాళ్ళూ ఒక్కసారే నేలకు తాటిస్తూ స్ప్రింగుల్లా ఎగురుతూ. మధ్యాహ్నం ఆయన, జింకలు ఎక్కడ దొరుకుతాయో వెతకడానికి, నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళిపోయారు.

‘‘ఇన్నాళ్ళూ ఆయన పిలుస్తున్నది వీటినేనా?’’ అన్నారు అత్తగారు.

ఇంతవరకూ నవ్వాను. ఉత్త చేతులతో తిరిగివచ్చిన ఆయన ఈసారి ఇంకో గొట్టం కొన్నారు. అది ఆపదలో పడ్డ జింకపిల్ల అరుపు. తల్లి పరుగెత్తుకొస్తే, ఎదలో ఉన్న పోతు దాని వెనకే వస్తుందట. నేను మాంసం తినేవాణ్ణే. కౌజుపిట్టను దీమంగా పెట్టి కౌజులను పట్టే ఊళ్ళు ఎరిగినవాణ్ణే. కానీ ఇది వేరు. కంచరచెవుల జింక తల్లి, కొయోటీ నక్క మీదపడితే తన పిల్ల కోసమే కాదు, పరాయి పిల్ల కోసమూ ఎదురు తిరుగుతుంది. 2014లో సూసన్ లింగిల్, టోబియాస్ రీడే ప్రచురించిన పరిశోధనలో, కెనడా ప్రేరీ మైదానంలో స్పీకర్లు పెట్టి పిల్లికూన, సీల్ పిల్ల, గబ్బిలం పిల్ల, చివరకు మనిషి పసిబిడ్డ ఏడుపు కూడా వినిపిస్తే, గొంతు స్థాయి తమ పిల్లల గొంతుకు దగ్గరగా ఉన్నంతవరకు తల్లి జింకలు స్పీకరు దగ్గరికి వచ్చాయి. ఎవరి బిడ్డ అని అవి అడగలేదు. లోకంలో ఇంతటి దయ ఒక మూగజీవికి ఉందని తెలిసి, ఆ దయకే గాలం వేయడానికి గొట్టం చేసి, డబ్బాలో పెట్టి అమ్మి, దానిని నేర్పు అని పిలవడానికి సిగ్గుండాలి! మారీచుడైనా చచ్చే ముందు ఒక్కసారే దొంగ అరుపు అరిచాడు. ఈయన వారాంతాలలో సాధన చేస్తున్నారు.

నిన్న సాయంత్రం ఆయన ఆ గొట్టం ఊదగానే మా వంటింటి తలుపు దడాలున తెరుచుకుంది. మంచు పడ్డ గడ్డి మీద వట్టి కాళ్ళతో, చేతిలో గరిటెతో, ‘‘ఎవరి బిడ్డ అది, ఎవరూ పట్టించుకోరేం?’’ అంటూ అత్తగారు పరుగెత్తారు. ఆయన పెరటి అవతలి అంచున ఒక పెంటి కూడా, రెండు చెవులూ ముందుకు పెట్టి, అటే అడుగులు వేస్తోంది. ఆవిడకు ఏం చెప్పాలో తోచక నేను చెప్పులు తీసుకెళ్ళి ఇచ్చాను.